ఆలస్యంగా వచ్చే సాక్షి: క్రిమినల్ కేసుల్లో మానసిక వైద్యుడు

న్యాయమూర్తి కోకా సుబ్బారావు గారి స్మృతిలో మాట్లాడమంటే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది 1967 నాటి గోలక్‌నాథ్ రాజ్యాంగ తీర్పు. దాని మీద ఇప్పటికే బోలెడన్ని ఉపన్యాసాలు వచ్చాయి, ఇకముందూ వస్తాయి. రాజమండ్రిలో పుట్టి, ఆంధ్ర హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసి, దేశ ప్రధాన న్యాయమూర్తి దాకా వెళ్లిన ఆయన అంతకు మూడేళ్ల ముందు, 1964లో, గుజరాత్ నుంచి వచ్చిన ఒక హత్య కేసులో రాసిన తీర్పు మాత్రం లా కాలేజీల గోడలు దాటి బయటికి రాలేదు. రాజ్యాంగం ఊసు లేని కేసు అది. ఒక భర్త, ఒక భార్య, తలుపులు మూసిన ఒక గది. అయినా మతిస్థిమితం ప్రశ్న తలెత్తిన ప్రతి కేసులో ఇవాళ్టికీ మన కోర్టులు ఆ తీర్పునే ముందు పెట్టుకుంటాయి. నేను చెప్పదలచిందీ దాని మీదే ఆధారపడి ఉంది: సుబ్బారావు గారు వేసిన ప్రశ్న సరైనదే, దానికి జవాబు చెప్పవలసిన మానసిక వైద్యుణ్ణి మాత్రం మనం ఎప్పుడూ ఆలస్యంగా పిలుస్తున్నాం.

కేసు సంగతి ముందు చెప్పుకుందాం. 1959 ఏప్రిల్‌లో ఒక రాత్రి గదిలోంచి భార్య కేకలు విని ఇరుగుపొరుగు పరుగెత్తుకొచ్చారు. తలుపు లోపలి నుంచి వేసి ఉంది. చివరికి భర్తే తీశాడు. ఆమె ఒంటి మీద 44 కత్తి గాయాలు. ఆ పని చేసినప్పుడు అతనికి మతి లేదని డిఫెన్సు వాదించింది. తలుపు తీసినప్పుడు అతను పిచ్చివాడిలా ఉన్నాడని సాక్షులు కోర్టులో అన్నారు. పోలీసులకిచ్చిన వాంగ్మూలాల్లో ఆ మాట లేదు. పైగా ఆమె తనకు ఇష్టం లేదని, వచ్చి తీసుకుపొమ్మని అతను మామగారికి అంతకుముందే ఉత్తరం రాసి ఉన్నాడు. సుప్రీంకోర్టు అప్పీలు కొట్టేసింది. ముద్దాయి ఓడిపోయాడు కానీ, ఆ ఓటమిని వివరించే క్రమంలో సుబ్బారావు గారు చెప్పిన సూత్రం తరవాతి ముద్దాయిలందరికీ పనికొచ్చింది. నేరం చేసే మనసు ఉందని నిస్సందేహంగా రుజువు చేయవలసిన బరువు మొదటి నుంచి చివరి దాకా ప్రాసిక్యూషన్ మీదే ఉంటుంది. ముద్దాయికి మతి ఉందని కోర్టు ముందుగా అనుకుంటుంది, ఆ అనుకోలును అతను తోసిపుచ్చవచ్చు. అందుకు సివిల్ కేసులో లాగా సంభావ్యత ఎటు మొగ్గిందో చూపిస్తే చాలు. అంతమాత్రం చూపలేకపోయినా, అతను తెచ్చిన సాక్ష్యం వల్ల జడ్జికి న్యాయమైన సందేహం కలిగితే విడుదల చేయవలసిందే. ఇక అసలైన మాట: చూడవలసింది నేరం జరిగిన ఆ సమయాన్ని. దానికి ముందు, ఆ సమయంలో, ఆ వెంటనే అతను ఎలా ఉన్నాడన్నదే దానికి ఆధారం.

ఈ చట్టం మనకు లండన్ నుంచి వచ్చింది. 1843లో డేనియల్ మెక్‌నాటన్ అనే మనిషి, అధికార పార్టీ తనను వెంటాడుతోందన్న భ్రమలో ప్రధాని రాబర్ట్ పీల్ కార్యదర్శి ఎడ్వర్డ్ డ్రమ్మండ్‌ను కాల్చాడు. డ్రమ్మండ్ చనిపోయాడు, జ్యూరీ మెక్‌నాటన్‌ను నిర్దోషిగా వదిలింది. దేశం మండిపడితే హౌస్ ఆఫ్ లార్డ్స్ జడ్జీలను పిలిచి ప్రశ్నలడిగింది. వాళ్ల జవాబులే మెక్‌నాటన్ సూత్రాలయ్యాయి. 1860లో మన శిక్షాస్మృతి 84వ సెక్షనుగా వాటి సారాన్ని తీసుకుంది. 1971లో లా కమిషన్ పరిశీలించి మార్చనక్కర్లేదంది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అదే 22వ సెక్షను. చేసిన సమయంలో మతిస్థిమితం లేక, తాను చేస్తున్న పని ఏమిటో గానీ, అది తప్పనీ చట్టవిరుద్ధమనీ గానీ తెలుసుకోలేని మనిషి చేసింది నేరం కాదు. 2023 ఆగస్టులో పెట్టిన బిల్లులో 'మానసిక అనారోగ్యం' అని మార్చి రాశారు. ఆ మాట మరీ విశాలమని పార్లమెంటరీ స్థాయీ సంఘం అభ్యంతరం చెప్పాక పాత మాటకే తిరిగి వెళ్లారు. నా ఉద్దేశంలో సంఘం చెప్పింది సబబే. జబ్బు ఉండటం వేరు, ఆ జబ్బు ఆ క్షణాన తెలివిని కప్పేయడం వేరు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా, జబ్బు ఉన్నంత మాత్రాన మతిస్థిమితం లేనట్టు కాదని 3వ సెక్షనులోనే చెప్పింది.

ఇక్కడ వైద్యుడి పని ఏమిటో సూక్ష్మంగా చూడాలి. స్కిజోఫ్రెనియాలో పారనాయిడ్ అనే ఒక రకం ఉంది. రోగికి భార్య తన అన్నంలో విషం కలుపుతోందని, అన్నదమ్ములు తనను చంపడానికి మనుషుల్ని పెట్టారని గట్టి నమ్మకం. మిగతా విషయాల్లో అతను మామూలుగానే ఉంటాడు. డ్యూటీకి వెళ్తాడు, జీతం లెక్క చూసుకుంటాడు, పండక్కి బట్టలు కొంటాడు. ఒకరోజు భార్యను కొడతాడు, ఆమె చనిపోతుంది, అతను పారిపోతాడు. పారిపోయాడు కాబట్టి తప్పని తెలుసు, తెలుసు కాబట్టి మతి ఉంది అని పబ్లిక్ ప్రాసిక్యూటర్ వాదిస్తాడు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ తనను చంపబోతున్నారని నమ్మినవాడు పారిపోయింది పోలీసులకు భయపడా, తనను వెంటాడుతున్నారని తాననుకున్నవాళ్లకు భయపడా? ఆ తేడా చెప్పగలిగేది అతనితో గంటల తరబడి కూర్చుని, అతని లోపలి తర్కాన్ని విని, దాన్ని ఇంటివాళ్లు చెప్పినదానితో పోల్చి చూసినవాడే. ముద్దాయికి మతి ఉందా లేదా అని తీర్పు చెప్పడం వైద్యుడి పని కాదు, అది జడ్జి పని. ఆ మనిషికి ఆ రోజు లోకం ఎలా కనిపించిందో జడ్జికి విప్పి చెప్పడం వైద్యుడి పని.

మరి మనం ఆ వైద్యుణ్ణి ఎప్పుడు పిలుస్తాం? ముద్దాయిని అరెస్టు చేసి రిమాండుకు పంపుతారు. జైల్లో ఎవరితోనూ మాట్లాడకుండా గోడకేసి చూస్తూ కూర్చుంటాడు, లేదా రాత్రంతా అరుస్తాడు. తోటి ఖైదీలు గోల చేస్తే జైలు డాక్టరు మాత్రలిస్తాడు. మాత్రలు పనిచేస్తాయి. చార్జిషీటు పడి, కేసు సెషన్స్ కోర్టుకు వెళ్లి, సాక్షులు మొదలై, డిఫెన్సు లాయరు మతిస్థిమితం మాట ఎత్తేసరికి నెలలు, ఒక్కోసారి ఏళ్లు గడిచిపోతాయి. అప్పుడు కోర్టు హైదరాబాదులో అయితే ఎర్రగడ్డకో, విశాఖలో అయితే చినవాల్తేరుకో, అక్కడి మానసిక ఆసుపత్రికి రాస్తుంది. ఆసుపత్రి అతన్ని కొన్నాళ్లు వార్డులో ఉంచి చూసి, ప్రస్తుతం విచారణకు తగిన స్థితిలో ఉన్నాడని సర్టిఫికెట్ ఇస్తుంది. ఆ సర్టిఫికెట్ నిజమే. కానీ అది జవాబిచ్చింది వేరే ప్రశ్నకు. ఈ రోజు అతను కేసు అర్థం చేసుకుని లాయరుతో మాట్లాడగలడా అన్నది విచారణ యోగ్యత. ఆ రోజు అతనికి ఏం తెలుసన్నది నేర బాధ్యత. వరద తీసి, గోడకు వెల్ల కూడా వేసేశాక నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో చెప్పమన్నట్టుంటుంది ఈ వరస. బోనులో నిలబడ్డ మనిషి నెమ్మదిగా, చేతులు కట్టుకుని ఉంటాడు. ప్రభుత్వమే ఇచ్చిన మాత్రల వల్ల వచ్చిన ఆ నెమ్మది, చూసేవాళ్లకు అతనికి ఎప్పుడూ మతి ఉందన్న అభిప్రాయం కలిగిస్తుంది.

2002లో సుప్రీంకోర్టు తీర్చిన ఒక కేసు ఈ వాదనకు ఇటువైపు సాక్ష్యం. మహారాష్ట్రలో ఒక పోలీసు కానిస్టేబుల్ ఇంట్లో బట్టలు ఉతుకుతున్న భార్యను రుబ్బురాయితో తల మీద కొట్టి చంపాడు. ఆ పొద్దున గొడవ జరిగిందని, కోపంతో చేశాడని కింది కోర్టులు శిక్ష వేశాయి. సుప్రీంకోర్టు వదిలేసింది. ఎందుకని? తండ్రికీ మానసిక జబ్బు ఉండేది. హత్యకు ముందు నుంచే అతను చికిత్సలో ఉన్నాడు, జబ్బు పారనాయిడ్ స్కిజోఫ్రెనియా అని రాసి ఉంది. చంపాక పారిపోలేదు, దాచలేదు. ఇక జైలు రికార్డులు: 1994 జూన్ నుంచి డిసెంబరు దాకా అతన్ని 25 సార్లు ఆసుపత్రికి తీసుకెళ్లినట్టు నమోదై ఉంది. అంటే సుబ్బారావు గారు చెప్పిన 'ముందు, అప్పుడు, తరవాత' మూడింటికీ కాగితం ఉంది. ఆ కాగితాలే లేకపోతే అదే మనిషి, అదే జబ్బు, అదే రుబ్బురాయి, యావజ్జీవ శిక్ష. నాకు ఈ కేసులో ఆశ్చర్యమనిపించేది తీర్పు కాదు, ఆ తీర్పు ఎంత సన్నటి దారం మీద వేలాడిందన్నది.

ఎంతమందికి ఉంటాయి ఆ కాగితాలు? నిమ్‌హాన్స్ మానసిక వైద్య సంస్థ 2015-16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, జబ్బు రకాన్ని బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు. అలాంటి ఇళ్లలో ఏం జరుగుతుందో మన ఊళ్లలో అందరికీ తెలిసిందే. గాలి సోకిందంటారు, చేతబడి అంటారు. తాయెత్తు కడతారు, దర్గాలో నిద్ర చేయిస్తారు, గుడి దగ్గర నలభై రోజులు ఉంచుతారు. మరీ ముదిరితే గదిలో పెట్టి గొళ్లెం వేస్తారు. ఇందులో దేనికీ ఓపీ చీటీ ఉండదు. పెళ్లి సంబంధాలు చెడతాయని డాక్టరు దగ్గరికి వెళ్లినవాళ్లు కూడా చీటీ చింపేస్తారు. తరవాత కోర్టులో తల్లి ఏడుస్తూ మావాడికి బుర్ర సరిగా లేదయ్యా అని చెబితే, కొడుకును కాపాడుకోవడానికి చెబుతోందని క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఒక్క ప్రశ్నతో కొట్టేస్తారు. పాత చికిత్స రికార్డు కావాలని పట్టుబడితే, ఆ రక్షణ చికిత్స దొరికినవాళ్లకే దక్కుతుంది. జబ్బు బాగా ముదిరి, ఎవరూ పట్టించుకోని పేదవాడికి అది దక్కదు. చట్టం అలా ఉద్దేశించలేదు, ఆచరణ అలా తయారైంది.

మందు ఎక్కడో వెతకనక్కర్లేదు, 2007లో రాజస్థాన్ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టే చెప్పింది. దర్యాప్తులో ముద్దాయికి పాత మతిభ్రమణ చరిత్ర ఉందని తెలిస్తే, నిజాయితీ గల దర్యాప్తు అధికారి వైద్య పరీక్ష చేయించి ఆ సాక్ష్యం కోర్టు ముందు పెట్టాలి. చేయించకపోతే అది ప్రాసిక్యూషన్ కేసులో పెద్ద లోపం, ఆ సందేహ ఫలితం ముద్దాయికి ఇవ్వాలి. ఇంతకన్నా స్పష్టంగా ఎవరు చెబుతారు? కానీ ఆ బాధ్యత పెట్టింది కేసు గెలవాలనుకునే పక్షం మీద. చరిత్ర 'తెలిస్తే' అన్నారు. తెలియకుండా చూసుకోవడం కష్టమేమీ కాదు, వాంగ్మూలంలో ఆ వాక్యం రాయకపోతే సరి. అందుకే ఈ పని పోలీసు చేతిలోంచి తీసి మొదటి రిమాండు చేసే మెజిస్ట్రేటు చేతిలో పెట్టాలని నా వాదన. హత్య, హత్యాయత్నం లాంటి కేసుల్లో, ముద్దాయి ప్రవర్తన గానీ ఇంటివాళ్ల మాట గానీ చిన్న అనుమానం కలిగించినా, మెజిస్ట్రేటు తన పేరుతోనే ప్రభుత్వ మానసిక వైద్యుణ్ణి పిలిపించాలి, మందు మొదలుపెట్టక ముందే పరీక్ష జరగాలి. అడగవలసింది 'మతి ఉందా' అని కాదు. ఎలా ఉన్నాడు, ఏం నమ్ముతున్నాడు, నిద్ర ఎలా ఉంది, ఇంటివాళ్లు ఏమంటున్నారు, ఏ మందు ఏ రోజు మొదలుపెట్టారు అన్నవి అడగాలి. ఆ నివేదిక సీలు వేసి ఫైల్లో ఉండాలి. ఇరుపక్షాలకూ అది సాక్ష్యం, ఇద్దరిలో ఎవరి సొత్తూ కాదు.

దీనికి మొదటి అభ్యంతరం నటన. ముద్దాయిలందరూ పిచ్చి నటించడం మొదలుపెడతారంటారు. నిజానికి నటన పట్టుబడేది తొందరగా చూసినప్పుడే. లాయరు సలహా, తోటి ఖైదీల తర్ఫీదు అందక ముందు. నటించేవాడికి జబ్బు గురించి తెలిసింది సినిమాల్లో చూసిందే. మాటలు ఇరవైనాలుగు గంటలూ వినిపిస్తున్నాయంటాడు, అవి ఆగడానికి ఏం చేస్తావంటే తడబడతాడు. నిజంగా వినిపించేవాళ్లకు అవి వచ్చిపోతుంటాయి. రేడియో పెట్టుకుంటారు, చెవులు మూసుకుంటారు, ఏదో ఒక ఉపాయం పడతారు. డాక్టరు గదిలోకి వచ్చినప్పుడు వింతగా ప్రవర్తించి, ఆయన వెళ్లాక క్యారమ్స్ ఆడుకునేవాణ్ణి వార్డు నర్సు కనిపెడుతుంది. రాత్రి రెండింటికి ఆమె రాసుకున్న నాలుగు లైన్లు ఒక్కోసారి ప్రొఫెసరు నివేదిక కన్నా విలువైనవి. నిద్ర లేకపోవడాన్ని వారం రోజులు వరసగా నటించడం చాలా కష్టం.

రెండోది ఇంకొంచెం బరువైన అభ్యంతరం: మానసిక వైద్యులే ఒకరితో ఒకరు ఏకీభవించరు కదా, వాళ్లను నమ్మి న్యాయం ఎలా చేస్తాం? నార్వేలో 2011 జూలై 22న 77 మందిని చంపిన ఆండర్స్ బ్రేవిక్ కేసులో కోర్టు నియమించిన మొదటి ఇద్దరు వైద్యులు అతనికి పారనాయిడ్ స్కిజోఫ్రెనియా అన్నారు. రెండో జట్టు మతి ఉందన్నది. తమాషా ఏమిటంటే అక్కడ ప్రాసిక్యూషన్ అతన్ని ఆసుపత్రికి పంపమంది, ముద్దాయి తనకు మతి ఉందని పట్టుబట్టాడు. 2012 ఆగస్టులో కోర్టు రెండు నివేదికలనూ బహిరంగంగా విని, ఒకదాని కారణాలు బలహీనమని రాసి, బాధ్యత ఉందని తేల్చి 21 ఏళ్ల నిర్బంధం విధించింది. వైద్యులు విభేదించడం వల్ల అక్కడ న్యాయం చెడలేదు. ఎందుకు విభేదించారో తెలిసింది కాబట్టి జడ్జీలు నిర్ణయించగలిగారు. మన దగ్గర చెడేది ఒక్క లైను సర్టిఫికెట్ వల్ల, విభేదించడానికి కూడా అందులో కారణాలుండవు. ఇక భవిష్యత్తు ప్రమాదాన్ని జోస్యం చెప్పమంటే మాత్రం వైద్యుడు తప్పుకోవాలి. 1983లో అమెరికా సుప్రీంకోర్టు ముందుకొచ్చిన టెక్సస్ మరణశిక్ష కేసులో, అలాంటి దీర్ఘకాలిక జోస్యాలు మూడింట రెండు తప్పుతాయని అక్కడి సైకియాట్రీ సంఘమే విన్నవించుకుంది. కోర్టు వినలేదు. ఆ తోవ మనకొద్దు.

లాయర్లు లేవదీసే అభ్యంతరం వేరు, నాకు అన్నిటికన్నా గట్టిగా తోచేదీ అదే. రిమాండులోనే ముద్దాయిని వైద్యుడితో గంటలు మాట్లాడించడమంటే, తనకు వ్యతిరేకంగా తనచేతే సాక్ష్యం చెప్పించడం కాదా? 2010 మే 5న సెల్వి కేసులో సుప్రీంకోర్టు నార్కో, పాలిగ్రాఫ్, బ్రెయిన్ మ్యాపింగ్ పరీక్షలను సమ్మతి లేకుండా చేయడం రాజ్యాంగం 20(3) అధికరణకు విరుద్ధమంది. ఈ భయం నిజమైనదే. టీవీ చర్చల పుణ్యమా అని చాలామంది ఫోరెన్సిక్ సైకియాట్రీ అంటే నార్కో పరీక్షే అనుకుంటారు. ఒకటి మనసులో దాచింది లాగడానికి, ఇంకొకటి మనసు ఎలా ఉందో చూడటానికి. ఆ గీత కాగితం మీద గట్టిగా గీయాలి. పరీక్ష లాయరుకు తెలిసి, ముద్దాయికి అర్థమయ్యేలా చెప్పి, సమ్మతితోనే జరగాలి. నేరం గురించి అతను వైద్యుడితో అన్నది ఏదీ నేరం రుజువు చేయడానికి పనికిరాకూడదు, మానసిక స్థితి ప్రశ్నకు మాత్రమే వాడాలి. సమ్మతించకపోతే కేవలం చూసినదాన్ని రాసి ఊరుకోవాలి. ఇంత కట్టడి ఉన్నా ఎక్కడో దుర్వినియోగం జరగదని హామీ ఇవ్వలేను. కానీ ఇప్పుడున్న పద్ధతిలో జబ్బు మనిషి పోలీసులకు, జైలు సిబ్బందికి చెప్పుకుంటున్నదానికి అడ్డూ అదుపూ లేకుండానే ఉంది.

డాక్టర్లు చాలరన్నది నిజం, దేశంలో లక్ష జనాభాకు ఒక్క సైకియాట్రిస్టు కూడా లేడు. అయితే నేనడిగేది ప్రతి జేబుదొంగకూ పరీక్ష కాదు. ఒక జిల్లాలో ఇలాంటి కేసులు ఏడాదికి ఎన్ని వస్తాయో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఫోన్‌లో మానసిక సలహా ఇచ్చే టెలీ మానస్ లాంటి పథకాలకు జిల్లాల దాకా తీగలు వేసుకున్న ప్రభుత్వాలకు ఇది మోయలేని భారమేమీ కాదు.

విచిత్రమేమిటంటే, కేసు చివరికొచ్చేసరికి మన సుప్రీంకోర్టు మానసిక వైద్యుడికి బాగానే పీట వేసింది. 2014లో ఉరిశిక్ష పడ్డవాడికి మతిభ్రమణం వస్తే శిక్ష తగ్గించడానికి అది కారణమంది. 2019లో, మన కృష్ణా జిల్లా నుంచి వెళ్లిన న్యాయమూర్తి ఎన్.వి.రమణ గారు ముద్దాయి పేరు బయటపెట్టకుండా రాసిన తీర్పులో, శిక్ష పడ్డాక ముదిరిన జబ్బు ఉరిని తప్పించగలదని చెప్పి, అందుకు పరీక్ష ఏమిటో కూడా నిర్ణయించారు. 2022లో మధ్యప్రదేశ్ కేసులో, ఉరి వేయదలచిన కేసుల్లో మానసిక నివేదికలు విచారణ కోర్టు దశలోనే తెప్పించాలంది. ఇవన్నీ మెచ్చుకోవలసినవే. అయినా ఉరితాడు కనిపించేదాకా ఆ మనిషి మనసు గురించి అడిగేవాడు లేకపోవడం ఈ వరసలో బయటపడుతోంది. శిక్ష దగ్గర వినే డాక్టరును నేరం రుజువయ్యే దగ్గరే వింటే, ఆ కేసుల్లో కొన్ని శిక్ష దాకా వచ్చేవే కావేమో.

చివరి అభ్యంతరం చనిపోయినవాళ్ల కుటుంబాలది. చంపినవాణ్ణి పిచ్చి పేరుతో వదిలేస్తారా అంటారు. వదిలేయరు. ఆ కారణంతో నిర్దోషి అయినవాణ్ణి భారతీయ నాగరిక సురక్షా సంహిత 374వ సెక్షను కింద సురక్షిత నిర్బంధంలో ఉంచడమో, పూచీ ఇచ్చే బంధువులకు అప్పగించడమో చేస్తారు. అసలు ప్రమాదం వదిలేయడంలో లేదు, మరిచిపోవడంలో ఉంది. అస్సాంలో 1951లో గాయపరిచిన నేరం కింద అరెస్టయిన ఒక యువకుణ్ణి తేజ్‌పూర్ మానసిక ఆసుపత్రికి పంపారు. 1967లో బాగయ్యాడని ఆసుపత్రి చెప్పింది. ఇంటికి పంపాల్సింది పోయి గౌహతి జైలుకు పంపారు. విచారణ జరగలేదు, ఎవరూ రాలేదు. 2005లో ఒక్క రూపాయి సొంత పూచీ మీద బయటికొచ్చేనాటికి 54 ఏళ్లు గడిచాయి. అంతకు ముందు 1982లోనే అప్పటి బీహార్‌లోని హజారీబాగ్ జైల్లో బాగుపడ్డాక కూడా దశాబ్దాలు మగ్గిన వాళ్ల సంగతి సుప్రీంకోర్టు చూసింది. 2017 చట్టం 103వ సెక్షను ప్రకారం జైలు వైద్యాధికారి మూడు నెలలకోసారి మానసిక ఆరోగ్య సమీక్షా మండలికి నివేదిక పంపాలి. చదివితే నవ్వాలో ఏడవాలో తెలియదు: జైల్లో మానసిక రోగులు ఎవరూ లేరని ధ్రువీకరించే నివేదిక అది. లేరని రాయించుకోవడం కన్నా ఎవరెవరున్నారో, ఏ కేసులో ఉన్నారో, చివరిసారి వైద్యుడు ఎప్పుడు చూశాడో, వచ్చే సమీక్ష తేదీ ఏదో రాయించుకోవాలి. ఆ జాబితా ప్రతి మూడు నెలలకూ జిల్లా జడ్జి బల్ల మీదికి రావాలి, మొదటి రిమాండు రోజున వైద్యుడు రాసిన నివేదికను దానికి జతపరచాలి. సమీక్ష తేదీ దాటిన పేరు ఒక్కటి కనిపించినా, ఎందుకు దాటిందో సూపరింటెండెంటు స్వయంగా వచ్చి కోర్టుకు చెప్పుకోవాలి.